సినిమాలో లొసుగులు – వాదించే పద్ధతి



మన హాస్టల్లో రెండు రకాల గొంతులు ఉన్నాయి. స్టడీ అవర్లో ట్యూటర్ గారు లేచి జవాబు చెప్పమంటే వచ్చే గొంతు ఒకటి. అది సగం గొంతులోనే ఆగిపోతుంది. ఆదివారం సినిమా అయిపోయాక పక్కలు వేసుకుంటూ వాదించుకునే గొంతు రెండోది. "అంత తెలివైనవాడు అక్కడ ఫోన్ ఎందుకు వదిలేశాడురా?" అని ఒకడు అడుగుతాడు. "వదల్లేదు, ముందు సీన్ సరిగా చూడలేదు నువ్వు" అని ఇంకొకడు అందుకుంటాడు. సాక్ష్యాలు, ఎదురు ప్రశ్నలు, ఉదాహరణలు అన్నీ వస్తాయి. పదో తరగతి తమ్ముడు డిగ్రీ అన్నను కూడా ఓడిస్తాడు. అయినా దాన్ని ఎవరూ చదువు కింద లెక్క వేయరు. ఈ వ్యాసం దాన్ని చదువు కింద లెక్క వేయడానికే.

నేను పి.జి.లో చరిత్ర చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పినదాన్ని "ఎందుకు?" అని అడిగితే ఎదురు చెప్పడం అంటారు. కాలేజీకి వెళ్ళాక సెమినార్లో, వైవాలో, ఇంటర్వ్యూలో అడగమనేది ఆ "ఎందుకు" గురించే. మనలో చాలామందిమి అక్కడ నోరు విప్పం. చేతకాక కాదు, రాత్రిపూట చేసేదీ అదేనని తెలియక. కాబట్టి మనకు బాగా తెలిసిన సినిమాలతోనే ఈ పాఠం చెప్పుకుందాం.

1. తప్పు అనే ముందు కొలత చెప్పాలి

"ఈ సినిమాలో లాజిక్ లేదు" అని అందరూ అంటారు. దేనితో కొలిచి లేదన్నారో చెప్పరు. బజారులో బియ్యం తూకం తగ్గిందంటే ఏ కాటాలో తూచావని అడుగుతారు కదా! ఇక్కడా అంతే. మనం పట్టే తప్పులను నాలుగు రకాలుగా విడదీయవచ్చు.

(అ) చేతి పొరపాటు: ఒక షాట్‌లో కుడి చేతికి ఉన్న కట్టు తర్వాతి షాట్‌లో ఎడమ చేతికి మారడం వంటివి.
(ఆ) కథ తన నియమాన్ని తానే తప్పడం. అసలైన లొసుగు అంటే ఇదే.
(ఇ) బయటి లోకంతో, చరిత్రతో కుదరకపోవడం.
(ఈ) "నేనైతే అలా చేయను" అనే ఆక్షేపణ.

మొదటిది తేలికైనది. సినిమాను కథ వరుసలో తీయరు. ఒక ఇంట్లో జరిగే సన్నివేశాలన్నీ, అవి కథలో మొదట వచ్చినా చివర వచ్చినా, ఆ ఇల్లు దొరికిన రోజుల్లోనే తీసేస్తారు. గుమ్మం బయటి షాట్ ఒక నెలలో, లోపలి షాట్ ఇంకో నెలలో తీయవచ్చు. ఈ మధ్యలో జుట్టు పెరుగుతుంది, చొక్కా మారుతుంది. అందుకే కంటిన్యుటీ చూడడానికి అసిస్టెంట్ డైరెక్టర్లు ఫోటోలు తీసి, పుస్తకంలో రాసుకుంటారు. అయినా కొన్ని జారిపోతాయి. అవి పట్టుకోవడం సరదాగా ఉంటుంది, కంటికి మంచి సాధన కూడా. అయితే కట్టు చెయ్యి మారినంత మాత్రాన కథ కూలిపోదు. మిగిలిన మూడూ వివరంగా చూద్దాం.

2. కథ పెట్టుకున్న నియమం

1957లో కె.వి.రెడ్డి గారి దర్శకత్వంలో వచ్చిన 'మాయాబజార్' తీసుకుందాం. ఇది మన ప్రాంతానికి దగ్గరి సినిమా. ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు పుట్టింది నూజివీడులో. లక్ష్మణకుమారుడు రేలంగి తాడేపల్లిగూడెంలో స్థిరపడి, తన పేరుతో అక్కడ సినిమా హాలు కట్టి, 1975లో అక్కడే కన్నుమూశారు.

ఈ సినిమా మీద తరచుగా వినిపించే ప్రశ్న ఒకటి. ఎక్కడి మనిషినైనా చూపించే ప్రియదర్శిని పెట్టె యాదవుల దగ్గర ఉంది కదా, దాన్ని తెరిచి కౌరవుల కుట్రను ముందే ఎందుకు చూడలేదు? ప్రశ్న మంచిదే. జవాబు సినిమాలోనే ఉంది. ఆ పెట్టె అడిగినదాన్ని చూపదు. చూసేవారికి ఏది ప్రియమో దాన్నే చూపుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తారు. దుర్యోధనుణ్ణి ప్రియశిష్యుడిగా చూసే బలరాముడికి ఆ పెట్టెలో అతని కుట్ర ఎలా కనిపిస్తుంది? పెట్టెకు ఒక నియమం పెట్టారు, ఆ నియమం తప్పలేదు. కాబట్టి ఇది లొసుగు కాదు.

అలాగే చివర్లో అంతటి జిత్తులమారి శకుని తన కుట్ర తానే బయటపెట్టుకుంటాడు. ఉన్నట్టుండి అలా జరిగితే లొసుగే అయ్యేది. కానీ ఎక్కినవాళ్ళతో నిజం చెప్పించే సత్యపీఠం మాట మనకు ముందే చెప్పి ఉంచారు. విత్తనం ముందు చల్లి, పంట తర్వాత కోశారు.

ఇదే పద్ధతి 2012లో రాజమౌళి తీసిన 'ఈగ'లో కూడా ఉంది. చనిపోయినవాడు ఈగగా పుట్టి పగ తీర్చుకోవడం అసంభవం అని వాదించడం దండగ. టిక్కెట్టు కొన్నప్పుడే ఆ ఒక్క అబద్ధానికి మనం ఒప్పుకున్నాం. అడగవలసినది ఆ తర్వాత సంగతి. ఈగ ఈగలాగే ఉందా? ఉంది. అది విలన్‌ను కొట్టి పడేయలేదు. చెవి దగ్గర మోగి నిద్ర పాడుచేసింది, కారు నడిపేటప్పుడు చూపు మళ్ళించింది. మరి ఈగకు కవచం, ఆయుధం ఎవరు చేస్తారు? కథానాయిక బిందు సూక్ష్మకళ చేసే అమ్మాయి. ఆ సంగతి ఈగ పుట్టకముందే చూపించారు. ఆమెకు ఆ పని రాకపోయి ఉంటే రెండో సగం నిలబడేది కాదు.

మన సైన్సు తమ్ముళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు. మామూలు ఇంటి ఈగ బతికేది రెండు నుంచి నాలుగు వారాలు, ఆ కొద్ది రోజుల్లో ఇంత యుద్ధం కుదురుతుందా అని. ఆక్షేపణ సరైనదే. అయితే అది మూడో రకానికి చెందుతుంది, రెండో రకానికి కాదు. ఏ డబ్బాలో వేయాలో తెలిస్తే సగం తగాదా అక్కడే తీరుతుంది.

3. బయటి లోకం కొలత

చరిత్ర విద్యార్థిని కాబట్టి ఈ భాగం కొంచెం వివరంగా చెబుతాను. 2022 మార్చిలో 'ఆర్.ఆర్.ఆర్.' వచ్చింది. దాని కథ రాసిన విజయేంద్రప్రసాద్ మన గోదావరి ఒడ్డు కొవ్వూరు మనిషి. అందులో అల్లూరి సీతారామరాజు, కొమరం భీం ఢిల్లీలో స్నేహితులవుతారు. చరిత్రలో వాళ్ళిద్దరూ కలిసినట్టు ఆధారం లేదు. రంప తిరుగుబాటు 1922 నుంచి 1924 దాకా మన్యంలో జరిగింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగాయి. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. వారి కుటుంబం ఊరు భీమవరం దగ్గరి మోగల్లు. కొమరం భీం ఆదిలాబాద్ అడవుల్లో పోరాడినది నిజాం ప్రభుత్వంతో. 1940లో జోడేఘాట్‌లో ఆయన చనిపోయారు.

ఇది సినిమా తప్పేనా? ఇది కల్పిత కథ అని ఆ సినిమావాళ్ళు ముందే చెప్పారు. చరిత్ర పాఠం చెబుతామని మాట ఇవ్వనివాడిని మాట తప్పావని అనలేం. కానీ చూసినవాళ్ళు దాన్ని చరిత్ర అనుకుంటే ఆ నష్టం సినిమాది కాదు, మనది. పోటీ పరీక్షలో భీం బ్రిటిష్ వాళ్ళతో పోరాడాడని రాస్తే మార్కు పోయేది మనకే. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. భీం ఎవరితో పోరాడాడో మరిచిపోతే, గోండులకు ఆ అడవి మీద, ఆ భూమి మీద హక్కు కావాలని ఆయన ఎందుకు అడిగాడో కూడా మరిచిపోతాం. కాబట్టి సినిమాను సినిమాగా చూసి చప్పట్లు కొట్టండి. మర్నాడు లైబ్రరీలో పుస్తకం తీయండి.

బయటి లోకం కొలతలో మన దగ్గర ఒక బలం ఉంది. మన ఊళ్ళ గురించి మనకంటే పెద్ద సాక్షులు లేరు. ఒక ఊహా సినిమా అనుకుందాం. 1960లో కొల్లేటి లంక గ్రామంలో కథ అని తెర మీద వేశారు. కెమెరా పైనుంచి చూపిస్తుంటే కనుచూపు మేరా గట్లు కట్టిన చేపల చెరువులే కనిపించాయి. హైదరాబాదు ప్రేక్షకుడికి అందులో ఏ తేడా తెలియదు. కైకలూరు వైపు నుంచి వచ్చిన మన తమ్ముడు మాత్రం వెంటనే పట్టేస్తాడు.

ఎందుకంటే కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దానిలోకి నీరు తెస్తాయి, ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. చేపల చెరువులు పెద్ద ఎత్తున వ్యాపించింది 1980, 90 దశకాల్లో. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. 1960 కథలో ఉండవలసింది విశాలమైన నీళ్ళు, తాటి దోనెలు, వలలు. ఈ మాట చెప్పగల తమ్ముడు తన ఊరి చరిత్ర మీద చిన్న ఉపన్యాసం ఇచ్చినట్టే. వాళ్ళ తాతను అడిగి తెలుసుకున్నదీ, పుస్తకంలో చదివిందీ అక్కడ ఒకచోట కలుస్తాయి. మన అనుభవం కూడా ఆధారమేనని ఇలాంటి చోట తెలుస్తుంది.

4. "నేనైతే అలా చేయను"

వాదనల్లో ఎక్కువగా వినిపించేది ఇది. తక్కువగా నిలబడేదీ ఇదే.

ఏలూరు పక్కనే ఉన్న సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి.ప్రసాద్ 1955లో 'మిస్సమ్మ' తీశారు. చదువుకున్న ఇద్దరు నిరుద్యోగులు, ఒక హిందూ యువకుడు, ఒక క్రైస్తవ యువతి, భార్యాభర్తలమని అబద్ధం చెప్పి ఒక ఊళ్ళో టీచర్లుగా చేరతారు. "అంత అభిమానం గల మేరీ అలాంటి అబద్ధానికి ఎలా ఒప్పుకుంటుంది?" అని అడుగుతారు. సినిమాలో ఆమె అప్పు, ఆ అప్పు ఇచ్చినవాడి వేధింపు ముందే చూపించారు. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం తిరిగినవాళ్ళకు ఈ జవాబు చాలు. నాకూ నీకూ ఆ అవసరం లేదు కాబట్టి అలా చేయం. ఆ అవసరంలో ఉన్న మనిషి చేసింది సహజమేనా అన్నదే అసలు ప్రశ్న.

అదే సినిమాలో ఇంకో ఆక్షేపణ ఉంది. చిన్నప్పుడు తప్పిపోయిన పిల్ల, ఇన్ని ఊళ్ళుండగా సరిగ్గా తన కన్నతండ్రి బడిలోనే ఉద్యోగానికి రావడం ఏమిటి? ఇది కాకతాళీయం. దీనికి నేను ఒక లెక్క పాటిస్తాను. కాకతాళీయం వల్ల కథలో చిక్కు మొదలైతే ఒప్పుకోవచ్చు. కాకతాళీయం వల్లనే చిక్కు విడిపోతే ఒప్పుకోకూడదు. మిస్సమ్మలో ఆమె ఆ ఇంటికి రావడం కాకతాళీయం. ఆమె ఎవరో తేలడం మాత్రం డిటెక్టివ్ రాజు ఆరా తీయడం వల్ల, కాలి మీది మచ్చ వల్ల. సగం మార్కులు తగ్గించినా పాస్ చేయవలసిన కథే.

ఇక 2014లో తెలుగులో వచ్చిన 'దృశ్యం'. మలయాళంలో దాని మూలం 2013లో వచ్చింది. కథానాయకుడు రాంబాబు పెద్దగా చదువుకోలేదు. కేబుల్ టి.వి. నడుపుతూ, సినిమాలు చూసి లోకం నేర్చుకున్నవాడు. నేరం జరిగిన రోజున తన కుటుంబం వేరే ఊళ్ళో ఉందని సాక్షులే నమ్మేలా చేస్తాడు. నిజానికి వాళ్ళు అక్కడికి వెళ్ళింది ఆ తర్వాత. మళ్ళీ మళ్ళీ కలిసి, మాటల్లో తేదీని సాక్షుల బుర్రలో నాటుతాడు. "అంతమంది ఒక్కసారే తేదీ మరిచిపోతారా?" అనేది ఆక్షేపణ.

దీనికి సైకాలజీలో ఒక ప్రసిద్ధమైన ప్రయోగం ఉంది. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కొందరు విద్యార్థులకు కార్ల ప్రమాదం ఫిల్ము చూపించారు. కొందరిని "కార్లు తగిలినప్పుడు ఎంత వేగంలో ఉన్నాయి?" అని, కొందరిని "కార్లు గుద్దుకుని నుజ్జయినప్పుడు ఎంత వేగంలో ఉన్నాయి?" అని అడిగారు. వారం తర్వాత "పగిలిన అద్దం చూశారా?" అని అడిగారు. మొదటి రకం ప్రశ్న విన్న 50 మందిలో 7గురు, రెండో రకం విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. ఒక్క మాట మారితే జ్ఞాపకం మారింది. కాబట్టి రాంబాబు ఎత్తు పూర్తిగా గాలిలో కట్టింది కాదు. అయితే సాక్షులందరి దగ్గరా పారిందనడం సినిమా ధీమా అని నా అభిప్రాయం. రెండూ చెప్పడమే న్యాయం.

5. నిలబడే ఆక్షేపణ ఎలా ఉంటుంది?

ఇంతవరకు సినిమాల తరఫునే మాట్లాడాననుకోవద్దు. నా లెక్కలో నిలబడే ఆక్షేపణ ఒకటి చెబుతాను. 2015 నాటి మొదటి 'బాహుబలి'లో శివగామి న్యాయానికి మరో పేరు. కన్న కొడుకని చూడకుండా, ప్రాణాలు కాపాడినవాడికే రాజ్యం ఇస్తుంది. 2017 నాటి రెండో భాగంలో అదే శివగామి, కుమారవర్మ దాడి విషయంలో భల్లాలదేవుడు చెప్పింది మాత్రమే విని, బాహుబలిని చంపమని కట్టప్పను ఆజ్ఞాపిస్తుంది. బాహుబలిని పిలిచి ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇది చరిత్ర కొలత కాదు, నా ఇష్టం కొలత కాదు. సినిమా ఆమెకు ఇచ్చిన గుణమే కొలత. ఎదుటి వాదన కూడా చెప్పాలి. దేవసేన విషయంలో ఆమె అహం దెబ్బతింది, మాట పోయింది, కోపం కళ్ళు మూసింది అంటారు. ఆ మాటలో బలం ఉంది. కానీ మొదటి భాగంలో చూపిన తూకం ఇంత తేలిగ్గా తప్పడానికి ఇంకొక్క సన్నివేశం కావలసి ఉందని నేనంటాను. మీరు కాదనవచ్చు. కాదనేటప్పుడు సన్నివేశం చూపించి కాదనండి. ఒక పక్షం మాటే విని తీర్పు చెప్పిందని శివగామిని తప్పు పట్టే మనం, సినిమా మీద తీర్పు చెప్పేటప్పుడు అదే పని చేయకూడదు కదా!

6. వాదించేటప్పుడు పాటించవలసినవి

ఒకటి, ముందు కొలత చెప్పండి. కథ నియమమా, లోకమా, మీ ఇష్టమా?
రెండు, సన్నివేశం గుర్తు చేయండి. "ఎక్కడో ఉంది" అనడం సాక్ష్యం కాదు. ఫోన్లో వచ్చే "పది తప్పులు" వీడియో చూసి ఆ సినిమా చూసినట్టు మాట్లాడవద్దు.
మూడు, చూపించకపోవడం వేరు, తప్పు వేరు. మాయాబజార్‌లో పాండవులు తెర మీదికే రారు. ఆ కథకు వాళ్ళ అవసరం లేదు కాబట్టి రాలేదు.
నాలుగు, ఎదుటివాడి వాదన వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాత జవాబు ఇవ్వండి.
ఐదు, మాట సినిమా మీదే ఉంచండి. మన జిల్లాల్లో హీరో పేరు ఎత్తితే కులం పేరు ఎత్తినట్టు అనుకునేవాళ్ళు ఉన్నారు. లాజిక్ గురించి మొదలైన మాట ఇంటిపేర్ల దాకా పోతే అది వాదన కాదు. ఒకే మెస్సులో, ఒకే వరుసలో కూర్చుని తినే మనకు అది అసలే తగదు.

ఈ ఐదూ వచ్చినవాడికి గ్రూప్ డిస్కషన్ కొత్తేమీ కాదు. అక్కడ సినిమా బదులు నీటి పంపకం గురించో, రిజర్వేషన్ గురించో, కొల్లేరు గురించో అడుగుతారు. ఏ కొలత, ఏ సాక్ష్యం, ఎదుటి పక్షం ఏమంటుంది? ఇవే మూడు ప్రశ్నలు. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, వరుస తడబడకూడదు. పెద్దలను కూడా ఇలాగే అడగవచ్చు. "మీరు చెప్పింది తప్పు" అనక్కర్లేదు. "ఇది ఎలా తెలిసింది, నాన్నా?" అంటే చాలు. ఆ మాటలో అమర్యాద లేదు.

అభ్యాసం (వార్డెన్ గారి అనుమతితో ఒక ఆదివారం చేయదగినది)

1. మీరు చూసిన ఒక సినిమాలో మూడు తప్పులు రాయండి. ఒక్కొక్కటి పై నాలుగు రకాల్లో ఏదో చెప్పండి.
2. వాటిలో ఒకదానికి సినిమా తరఫున పది వాక్యాల్లో జవాబు రాయండి.
3. 'మూగమనసులు' (1964)లో గతజన్మ కథను ముసలి గౌరి చెబుతుంది. ఆమె ఎదుట లేని సన్నివేశాలు కూడా మనకు కనిపిస్తాయి. ఇది లొసుగా, సినిమా సంప్రదాయమా? రెండు జట్లుగా వాదించండి.
4. మీ ఊరి మీద ఎవరైనా సినిమా తీస్తే ఏయే తప్పులు చేసే అవకాశం ఉందో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. కనీసం ఒక సంవత్సరం, ఒక పనిముట్టు పేరు ఉండాలి.

నాలుగో ప్రశ్న రాసినవాళ్ళు ఆ కాగితం పారేయవద్దు. వచ్చే ఏడాది సంచికకు ఇవ్వండి. మన ఊళ్ళ గురించి మనం రాసిన కాగితాలు చాలా తక్కువ.